అమ్మాయి పేరున వేసిన డబ్బు

ఈ సంగతి జరిగి మూడేళ్ళు దాటింది. జరిగిన వారంలోనే రాసిపెట్టుకోవాలని ఉండేది కానీ, అప్పటికి నాకు వత్తులు రావు. వత్తులు రానిదే తెలుగులో ‘అమ్మ’ అని కూడా రాయలేం. డబ్బు, బ్యాంకు, ఉద్యోగం, ఉత్తరం, నేను రాయవలసిన ప్రతి మాటకీ కిందో పక్కనో ఏదో ఒకటి వేలాడుతూ ఉండేది.

చిన్నప్పుడు నేను బడికి పోలేదు. మా అమ్మానాన్నలు సముద్రం పక్కన ఉప్పు మడుల్లో కూలి చేసేవాళ్ళు. ఉప్పు తీసేది ఎండలు ముదిరినప్పుడు, బడిలో పరీక్షలు పెట్టేదీ అప్పుడే. ఇంట్లో పెద్దదాన్ని నేను. తట్ట మోయగలిగేదాన్ని. రెండుసార్లు బళ్ళో పేరు రాయించారు, రెండుసార్లూ ఉగాదికి ముందే కొట్టేశారు. పెళ్ళయ్యాక మా బావగారు పెట్టిన కాగితాల మీద అమెరికా వచ్చాం. అప్పుడు సంతకం కావాలంటే మా ఆయన నా పేరు ఒక కాగితం మీద రాసిచ్చాడు. ముగ్గు నేర్చుకున్నట్టు ఆ గీతలు నేర్చుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ తిప్పాలో, ఎక్కడ ఆపాలో. అందులో ఏ అక్షరం ఏదో తెలియకుండానే ఇరవై ఏళ్ళ పైన గడిచిపోయాయి.

అక్షరాలు యాభై నాలుగో ఏట వచ్చాయి. మేముండే అపార్ట్‌మెంట్లలో బట్టలుతుక్కునే గది కింద ఉంటుంది. కొడుకు దగ్గర ఆరు నెలలు ఉందామని వచ్చిన ఒక రిటైరైన పంతులమ్మగారు అక్కడ పరిచయమయ్యారు. నాణేలు మెషీన్లో వేసి, బట్టలు తిరుగుతున్నంతసేపూ నాకు దిద్దించేవారు. తెలుగుతోపాటు ఇంగ్లీషు అక్షరాలు కూడా, ఏది ముందు దొరికితే అది. గుణింతాలు అయ్యేసరికి ఆవిడ ఆరు నెలలూ అయిపోయాయి. వత్తులు మళ్ళీ వచ్చినప్పుడు చెప్తానమ్మా అని విమానం ఎక్కారు. మళ్ళీ రావడానికి ఏడాదిన్నర పట్టింది. నేను చెప్పబోయేది ఆ ఏడాదిన్నరలో జరిగింది.

మాకు ఒక్కతే అమ్మాయి. ఇక్కడే పుట్టింది. పుట్టినప్పుడు ఊపిరి అందక చాలాసేపు ఇబ్బంది పడింది. కాళ్ళు, ఎడమ చెయ్యి స్వాధీనంలో ఉండవు. మాట నెమ్మదిగా వస్తుంది. తెలివి మాత్రం మా ఇద్దరి తెలివీ కలిపినా దాని సగానికి చాలదు. అప్పటికి దానికి ఇరవై ఆరేళ్ళు. ఇంట్లో కూర్చునే కంప్యూటర్లో కాలేజీ క్లాసులు చదివేది, కుడిచేతి వేలి కణుపుతో ఒక్కో అక్షరమే నొక్కి.

రోజూ పొద్దున ఏడింటికి గయానా నుంచి వచ్చి స్థిరపడిన ఒకావిడ దాని పనులు చూడడానికి వస్తుంది. మంచం మీంచి లేపడం, స్నానం, బట్టలు, కుర్చీలో కూర్చోబెట్టడం. సాయంత్రం మళ్ళీ రెండు గంటలు. ఆవిడ జీతం, చక్రాల కుర్చీ, ఫిట్స్ రాకుండా వేసే మందులు, అన్నీ మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్య బీమా మీద నడుస్తాయి. ఆ మెడికెయిడ్ వచ్చింది అమ్మాయికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే వికలాంగుల సాయాన్ని బట్టి. నెలకొచ్చే ఆ కొద్ది డాలర్లు ఆగినా ఎలాగో సర్దుకోవచ్చు. దాని వెనకున్న మెడికెయిడ్ ఆగిపోతే అమ్మాయి మంచం మీంచి లేవలేదు.

ఈ సాయం డబ్బున్నవాళ్ళకి ఇవ్వరు. ఆ సంగతి నాకు తెలుసు. ఎవరి దగ్గర డబ్బుంటే ఇవ్వరు అన్నదే నాకు తప్పుగా తెలుసు.

దానికి కారణం ఉంది. అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి అర్జీ పెట్టాం. మా ఇద్దరి జీతాలూ, మా ఆయన పేరున ఉన్న చిన్న డిపాజిట్టూ చూసి, పిల్లకు సాయం రాదు పొమ్మన్నారు. పద్దెనిమిది నిండాక మళ్ళీ పెడితే వచ్చింది. మధ్యలో ఏం మారిందో నేను అడగలేదు. మా ఆయన చెప్పలేదు, ఆయనకీ తెలిసి ఉండదు. ఆ మొదటిసారి ఆఫీసులోంచి బయటికొస్తూ నేను నేర్చుకున్న పాఠం ఒక్కటే: మా పేరున డబ్బు కనబడితే పిల్లకు నష్టం.

పద్నాలుగేళ్ళు నేను ఒకే చోట పనిచేశాను. పరాటాలు, సమోసాలు గడ్డకట్టించి ప్యాక్ చేసే ఫ్యాక్టరీ అది. ఒక మార్చి నెలలో, భోజనాలయ్యాక అందర్నీ లైన్ల దగ్గరే నిలబెట్టి, ఫ్యాక్టరీ మూసేస్తున్నామని చెప్పారు. పనిచేసిన ఏడాదికి ఒక వారం జీతం చొప్పున లెక్కగట్టి సెవరెన్స్ ఇస్తామన్నారు. నాలుగు పేజీల కాగితం ఇచ్చారు, చివర నా ముగ్గు వేశాను. మే నెలలో, పని ఆఖరి రోజున, పన్ను పోగా ఎనిమిది వేల చిల్లరకి చెక్కు చేతికిచ్చారు. నా జన్మలో అంత డబ్బు ఒక్క చెక్కు మీద చూడలేదు.

నా పక్క లైన్లో కరీంనగర్ ఆవిడ ఉండేది. నాకన్నా పదేళ్ళు చిన్న. ఇంగ్లీషు వచ్చు, కారు నడిపేది, రోజూ నన్ను ఇంటి దగ్గర దింపేది. ఆ రోజు కారులో నాకు జాగ్రత్త చెప్పింది.

“అక్కా, గీ పైసలు బ్యాంకుల ఏసేటప్పుడు జర పైలం. నీ పేరు మీద కనబడ్డయంటే బిడ్డకొచ్చేది బంద్ పెడ్తరు. మా ఆడబిడ్డోళ్ళకు ఫుడ్ స్టాంపులు గట్లనే పొయ్యినయి.”

ఆ మాట, ఆఫీసులో నేర్చుకున్న పాఠం, రెండూ అతికినట్టు సరిపోయాయి. నా పేరున ఉండకూడదు. మా ఆయన పేరున అసలే ఉండకూడదు. ఆయన పక్క ఊరు ఐసెలిన్‌లో ఒక మిఠాయి కొట్టు వంటింట్లో పనిచేస్తాడు. చేతిలో డబ్బుందని తెలిస్తే ఊళ్ళో ఎవరికి ఏ అవసరం వచ్చినా ఆయనకి నిద్ర పట్టదు. కాబట్టి ఆయనకు రెండు వారాల జీతం ఇచ్చి పంపేశారని చెప్పాను.

అమ్మాయికి పదేళ్ళప్పుడు బ్యాంకులో దాని పేరూ నా పేరూ కలిపి ఒక ఖాతా తెరిచాను. పుట్టినరోజులకి ఆంటీలూ అంకుల్సూ చేతిలో పెట్టిన డాలర్లు అందులో వేసేదాన్ని. ఎప్పుడూ మూడు నాలుగు వందలు దాటలేదు. చెక్కు తీసుకెళ్ళి అందులో వేశాను.

అమ్మాయి పేరున వేశాననుకుంటే నాకు ఎంత నిశ్చింతగా అనిపించిందో చెప్పలేను. మాలో పిల్ల పేరున వేసిన డబ్బుని ఎవరూ ముట్టుకోరు. ఇంట్లో గింజ లేకపోయినా దాన్ని కదపరు. అలాగని ఆ డబ్బు పిల్ల చేతికిచ్చినట్టూ కాదు. పిల్లకు చెప్పనైనా చెప్పం. ఇచ్చేసినట్టూ కాదు, ఉంచుకున్నట్టూ కాదు, పేరున వేసినట్టు, అంతే. నేనూ అమ్మాయికి చెప్పలేదు. నేను పోయాక, తండ్రి పోయాక, ఈ దేశంలో ఒక్కతే మిగిలినప్పుడు తెలిస్తే చాలు అనుకున్నాను.

ఆ వేసవంతా బాగానే గడిచింది. నిరుద్యోగ భృతి వచ్చేది. ఇంట్లో పచ్చళ్ళు పెట్టి తెలిసినవాళ్ళకి అమ్మాను.

అక్టోబరులో అమ్మాయి పేరున ఒక కవరు వచ్చింది. మెట్ల కింద పెట్టెలోంచి ఉత్తరాలు తెచ్చేది నేనే. ఏ ఆఫీసు నుంచి వచ్చిందో కవరు మీద ముద్ర చూసి పోల్చుకోగలను. అలాంటివి వస్తే విప్పకుండా అమ్మాయి ఒళ్ళో పెట్టడం అలవాటు. ఆ రోజు మెట్ల దగ్గరే ఎందుకు విప్పానో తెలియదు. విప్పగానే, రెండో పేజీలో, ఎనిమిది వేల చిల్లర అంకె కనబడింది. దాని పక్కన ఆ ఖాతా చివరి నాలుగు అంకెలు. అంకెలు చదవడానికి నాకు ఏ పంతులమ్మా అక్కర్లేదు.

అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. పేజీలు ఒక్కొక్కటే ఫోటో తీసి కరీంనగర్ ఆవిడకి పంపి, ఫోన్ చేశాను. ఆవిడ చదువుకుంటున్నంతసేపూ ఫోన్లో ఏదో టీవీ మోత వినిపించింది. తర్వాత ఆ మోత ఆగిపోయింది. వచ్చే నెల నుంచి అమ్మాయి సాయం ఆపేస్తారని, ఐదు నెలలుగా ఇచ్చింది తిరిగి కట్టమంటున్నారని, అమ్మాయి దగ్గర రెండు వేల డాలర్లకు మించి ఉండకూడదని రాసి ఉందని చెప్పింది. మెడికెయిడ్ సంగతేమిటని అడిగాను. సాయంతో వచ్చింది సాయంతోనే పోతది కదా అంది.

“నువ్వే కదమ్మా నా పేరు మీద వద్దన్నావు.”

“నీ పేరు మీద వద్దన్న అక్కా. బిడ్డ పేరు మీద ఎయ్యమన్ననా?”

ఆవిడ తప్పేం లేదు. అయినా తర్వాత చాలా రోజులు ఆవిడతో మాట్లాడలేకపోయాను.

ఇంట్లోకి వచ్చి ఆ కవరు చీరల మధ్య పెట్టాను. భోజనాలయ్యాక చెబుదాం అనుకున్నాను. భోజనాలయ్యాక అమ్మాయి ఏదో పరీక్ష ఉందని చదువుకుంటూ కూర్చుంది. పరీక్ష అయ్యాక చెబుదాం అనుకున్నాను. పరీక్షలో బాగా రాసిందట, నవ్వుతూ ఉంది. అంత నవ్వుతున్నప్పుడు ఎలా చెప్పడం. ఇలా రోజుకొక సాకు దొరికేది. అసలు సాకు వేరే ఉంది. తప్పు చేశావని కూతురు అంటుందేమోనన్న భయం కాదు అది. నాలుగు అక్షరాలు వచ్చాయని నేను అప్పుడప్పుడే తలెత్తుకుంటున్నాను. ఆ కవరు బయటికి తీస్తే మళ్ళీ తట్ట నెత్తిన పెట్టుకున్నట్టు ఉంటుందని.

పొద్దున్నే ఆ గయానా ఆవిడ కారు చప్పుడు వినబడేదాకా వంటింటి కిటికీ దగ్గర నిలబడేదాన్ని. ఒకరోజు ఐదు నిమిషాలు ఆలస్యమైతే మెట్లు దిగి వీధిలోకి వెళ్ళి చూశాను. ఆవిడ అమ్మాయిని ఎలా లేపుతుందో, భుజం కింద చెయ్యి ఎక్కడ వేస్తుందో, ఏ కాలు ముందు పెడుతుందో తలుపు పక్క నుంచి చూసేదాన్ని. రేపు నేనే చేయాల్సి వస్తే. అమ్మాయి నూట పది పౌండ్లు, మన లెక్కలో యాభై కిలోలు. కిరాణా కొట్టుకి వెళ్ళినప్పుడు, ఇరవై పౌండ్ల బియ్యం సంచులు రెండు ఒకేసారి ఎత్తి చూశాను. మోకాలి దాకా వచ్చాయి. మూడోది పైన పెట్టబోతుంటే కొట్లో కుర్రాడు “ఆంటీ, ట్రాలీ తేనా?” అని పరిగెత్తుకొచ్చాడు. వద్దు బాబూ, ఊరికే చూస్తున్నా అన్నాను. సంచులు కింద పెట్టి, వట్టి చేతులతో ఇంటికొచ్చాను.

చీరల మధ్య నుంచి ఉత్తరం తీసి మళ్ళీ మళ్ళీ చూసేదాన్ని. పంతులమ్మగారు నేర్పిన ఇంగ్లీషు అక్షరాలు ఒక్కోటీ కూడబలుక్కుంటే ఒక మాటయ్యేది. ఆ మాటకు అర్థం తెలిసేది కాదు. ఒకచోట పది అన్న అంకె నల్లగా, లావుగా ఉంది. పది డాలర్లేమో, పదో తారీకేమో అనుకున్నాను.

ఎనిమిదో రోజు సాయంత్రం గయానా ఆవిడ అమ్మాయికి జడ వేస్తూ, తనను పంపించే ఏజెన్సీ వాళ్ళు పొద్దున ఫోన్ చేశారని చెప్పింది. వచ్చే నెల ఇక్కడి పని ఉంటుందో లేదో తెలియదు, వేరే ఇల్లు చూసుకోమన్నారట. అమ్మాయి నవ్వి, వాళ్ళు ఎవరినో చూసి ఎవరో అనుకుని ఉంటారు, రేపు నేను మాట్లాడతాను అంది. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆవిడకీ ఇల్లుంది, కట్టాల్సిన అద్దె ఉంది. నేను పొయ్యి ఆపేసి, గదిలోకి వెళ్ళి, చీరల మధ్య నుంచి కవరు తీశాను. ఆవిడ వెళ్ళేదాకా ఆగి, అమ్మాయి ఒళ్ళో పెట్టాను.

అది మూడు పేజీలూ చదివింది. తర్వాత కవరు తిప్పి తారీకు చూసింది.

“ఇది ఎప్పుడు వచ్చింది?”

చెప్పాను.

“టెన్ డేస్ అని ఉంది అమ్మా ఇక్కడ. లెటర్ వచ్చిన టెన్ డేస్‌లో అప్పీల్ చేస్తే, డెసిషన్ వచ్చేదాకా ఏదీ ఆపరు. ఇవాళ ఎన్నో రోజు?”

“ఎనిమిది.”

కాగితాలు సర్ది ఒళ్ళో పెట్టుకుంది. దాని మాట మామూలుగానే నెమ్మది. ఆ రోజు ఇంకా నెమ్మదిగా వచ్చింది.

“కవర్ మీద నా పేరు ఉంది. నా పేరు నువ్వు చదవగలవు కదా.”

“చదవగలను.”

“ఈ ఇంట్లో ఇంగ్లిష్ చదివేది నేను ఒక్కదాన్నే. నువ్వు నా దగ్గరే దాచావు.”

నేను ఏమన్నా అది ఇంకో తప్పు అవుతుంది. అది కుర్చీ తిప్పుకుని కిటికీ వైపుకి వెళ్ళింది. చాలాసేపటికి అటు తిరిగే అడిగింది, ఇంత డబ్బు ఎక్కడిదని. ఫ్యాక్టరీ, చెక్కు, కరీంనగర్ ఆవిడ మాట, తొమ్మిదేళ్ళప్పటి అర్జీ, మొత్తం చెప్పుకొచ్చాను. మా పేరున ఉంటే నీకు ఆపేస్తారని నీ పేరున వేశాను అన్నాను. దాని భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతోంది. కళ్ళలో నీళ్ళూ ఉన్నాయి.

“అది నేను కిడ్‌గా ఉన్నప్పుడు అమ్మా. ఎయిటీన్ దాటాక మీ మనీ వాళ్ళు చూడరు. నువ్వు నీ అకౌంట్‌లో మిలియన్ పెట్టుకో, నాకేం కాదు. నా పేరు మీద పెట్టావు చూడు, అందుకే నేను రిచ్ అయిపోయాను. కంగ్రాట్స్.”

అమ్మాయి కంప్యూటర్ తెరిచి వెతకడం మొదలుపెట్టింది. ఆ రోజు చదివి చెప్పినదాన్ని బట్టి నాకర్థమైంది ఇది. ఇద్దరి పేర్లున్న ఖాతాలో ఒకరు సాయం తీసుకునేవాళ్ళైతే, ఆ డబ్బంతా వాళ్ళదే అనుకుంటుంది ప్రభుత్వం. కాదు, అది నాది అని రెండో మనిషి నిరూపించుకోవచ్చు. అందుకు ఇద్దరూ విడివిడిగా రాసివ్వాలి. డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరు వేశారో, ఎవరు తీశారో బ్యాంకు కాగితాలు చూపాలి. ఖాతా మీద సాయం తీసుకునే మనిషి పేరు ఇక ఉండకూడదు.

ఇంతలో మా ఆయన పని నుంచి వచ్చాడు. ఒంటినిండా నెయ్యి వాసన. అమ్మాయే చెప్పింది ఆయనకి, ఇంగ్లీషూ తెలుగూ కలిపి, నేను చెప్పినట్టు కాకుండా తనకు తెలిసినట్టు. ఆయన చెప్పులు విప్పకుండా అలాగే నిలబడి విన్నాడు.

“రెండు వారాల జీతమన్నావేందే?”

ఆయన వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాడు. “మంచి పనే చేశావులే. నాకు తెలిసుంటే ఈపాటికి ఊళ్ళో ఉన్న మా అన్న ఇంటికి స్లాబు పడుండేది,” అని కూర్చున్నాడు. ఆయన తిట్టినా నాకు అంత సిగ్గనిపించేది కాదు.

అమ్మాయి ఇక నా వాంగ్మూలం రాద్దాం, నువ్వు చెప్పు, నేను టైప్ చేస్తాను అంది. బ్యాంకువాళ్ళు పొరపాటున అందులో వేశారని రాయమన్నాను. వేలి కణుపు కదల్లేదు. ఇది ప్రమాణం చేసి రాసేది, అబద్ధమైతే జైలు అంది. ఖాతా సంగతి మర్చిపోయానని రాయమన్నాను. దానికీ కదల్లేదు.

“మొదటి లైన్ నేను చెప్తాను, అది ట్రూనో కాదో చెప్పు. ‘ఈ డబ్బు నాది. నా కూతురిది కాదు.’”

ఆ మాట నా నోటివెంట రాలేదు. ఐదు నెలలు ఆ డబ్బు మీద నేను ధైర్యంగా ఉన్నది అది దానిదనే కదా. నీదే తల్లీ, నీ కోసమే వేశాను అన్నాను. అమ్మాయి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

“నాకు ఇచ్చేసి ఉంటే అది నాదే. అప్పుడు అప్పీల్ చేయడం అబద్ధం. నిజం చెప్పమ్మా. నాకు ఇచ్చేశావా, నా పేరు కింద దాచుకున్నావా?”

పేరున వేయడమంటే రెండూ కాదని దానికి ఎలా చెప్పను. నాకు తెలుగులో తెలిసింది, ఆ కాగితం మీద దానికి గడి లేదు. మా ఆయన కల్పించుకుని, అదేం ప్రశ్న, తల్లి డబ్బు పిల్లది కాదా అన్నాడు. నాన్నా, నువ్వు ఆగు అంది. నేను ఆలోచించాను. ఆ ఖాతా కార్డు ఎవరి దగ్గరుంది? నా పర్సులో. అమ్మాయికి తెలుసా? తెలియదు. జూన్‌లో మోకాలికి సూది వేయించుకున్నప్పుడు నూట యాభై ఎక్కడినుంచి తీశాను? అందులోంచే. అమ్మాయిని అడిగానా? అడగలేదు. రేపు అది వచ్చి నాకు కంప్యూటర్ కొనాలి, ఆ డబ్బు ఇయ్యి అంటే ఇచ్చేదాన్నా? ఇప్పుడు కాదు, దాచుకో అనేదాన్ని.

“నేను పోయాక నీది,” అన్నాను.

“అయితే ఇవాళ నీది.”

“ఇవాళ నాది.”

అది టైప్ చేసింది. మిగతాదంతా నేను చెబుతుంటే రాసింది. ఫ్యాక్టరీ, చెక్కు, పాత అర్జీ, మోకాలి సూది కూడా. చదివి వినిపించింది. తన వాంగ్మూలం తను రాసుకుంది: ఈ డబ్బు గురించి నాకు ఇవాళ్టిదాకా తెలియదు అని. అది రాస్తున్నప్పుడు నా వైపు చూడలేదు. ఎందుకు అలా చేశానో నా వాంగ్మూలంలో రాసే చోట, కూతురి మీద ప్రేమతో అని రాయించనా అని మా ఆయన్ని అడిగాను. అమ్మాయి, వాళ్ళకి లవ్ అక్కర్లేదమ్మా, డేట్స్ కావాలి అంది. తనలాంటివాళ్ళు దాచుకోవడానికి వేరే రకం ఖాతా ఉందనీ, అందులో వేస్తే సాయానికి అడ్డం రాదనీ, రెండేళ్ళుగా నాకు చెబుతూనే ఉన్నాననీ కూడా అంది. ఆ రోజు నాకు ఏ ఖాతా పేరు విన్నా వణుకే.

ఆ అప్పీలు తేలడానికి నాలుగు నెలలు పట్టింది. చివరికి డబ్బు నాదేనని ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ ముక్క రాయడం తేలిక. ఆ సాయంత్రం కాగితం కింద సంతకం పెట్టేటప్పుడు మాత్రం, ఎన్నడూ తప్పని ముగ్గు నాకు మధ్యలో తప్పింది. అమ్మాయి ఇంకో ప్రతి తీసి ఇచ్చింది.

మర్నాడు పొద్దున గయానా ఆవిడ ఏడింటికే వచ్చింది. అమ్మాయికి స్నానం చేయించి, కోటు తొడిగింది. బ్యాంకుకి నేనొక్కదాన్నే వెళ్ళొస్తానంటే అమ్మాయి ఒప్పుకోలేదు, నా పేరు తీసేటప్పుడు నేను ఉండాలి అంది. ఓక్ ట్రీ రోడ్డు మీద కొట్లు ఇంకా తెరవలేదు. చలిగా ఉంది. దాని కుర్చీ దానంతటదే నడుస్తుంది, నేను పక్కన నడిచాను. బ్యాంకు తలుపు తీసేదాకా బయట పది నిమిషాలు నిలబడ్డాం.

లోపల బల్ల దగ్గరున్న బ్యాంకావిడ ఖాతా వివరాలు చూసి, ఎందుకు మూసేస్తున్నారని అడిగింది. మా అమ్మాయి చెప్పింది. మార్చి నుంచి కాగితాలన్నీ ప్రింట్ తీసి ఇమ్మంది. పాత ఖాతా మూసి, డబ్బంతా నా ఒక్కదాని పేరున కొత్త ఖాతాలోకి మార్చారు. సంతకాలు పెట్టాను. చివరి కాగితంలో ఒక గడి ఖాళీగా ఉంది. నేను చనిపోతే ఈ డబ్బు ఎవరికి చెందాలి అని ఆ బ్యాంకావిడ అడిగింది. నేను కూతురి వైపు చూశాను. అది తల అడ్డంగా ఊపింది.

“నా పేరు వద్దు. ఇప్పుడు వద్దు.”

మరెవరి పేరు చెప్పాలో నాకు తోచలేదు. తర్వాత రాసుకోవచ్చా అని అడిగించాను. రాసుకోవచ్చంది. ఆ గడి అలాగే వదిలేసి సంతకం పెట్టాను.

అక్కణ్ణుంచి బస్సెక్కి, ఆ ఉత్తరం పంపిన ఆఫీసుకి వెళ్ళాం. నంబరు చీటీ తీసుకుని గంటంపావు కూర్చున్నాం. కిటికీలో ఉన్నావిడ మా కాగితాలన్నీ లెక్కపెట్టుకుని, మా ప్రతి మీద ముద్ర కొట్టి కింది సందులోంచి జరిపింది. ఏమని ఉందని అమ్మాయిని అడిగాను.

“రిసీవ్డ్ అని. ఇవాళ్టి డేట్.”

“ఆపరని రాసుందా?”

“లేదమ్మా. రిసీవ్డ్ అనే ఉంది.”

ఆ కాగితం దాని కోటు జేబులో పెట్టి, బటన్ పెట్టి, బస్సు కోసం బయటికొచ్చాం.